ఆసుపత్రి పాయింట్లు

స్టేషనరీ కొట్టు మీద రెండు గదుల ట్రావెల్స్ ఆఫీసు. పెళ్ళైన మరుసటి ఏడాది నుంచీ ఆమె ఉద్యోగం అక్కడే. లోపలి గదిలో యజమాని కూర్చుంటాడు, ఎప్పుడు చూసినా ఫోన్లోనే ఉంటాడు. ముందు గదిలో కిటికీ పక్క బల్ల ఆమెది. మెట్లెక్కి వచ్చినవాళ్ళు నేరుగా ఆ బల్ల దగ్గరికే వస్తారు. ఏ దీవికి ఏ నెలలో వెళ్ళాలో, విమానంలో ఎటువైపు కూర్చుంటే దిగేముందు పగడాల దిబ్బలు కనపడతాయో, ఏ హోటలువాళ్ళు ఫోటోలో చూపించే ఈతకొలను నిజానికి స్నానాలగదంత ఉంటుందో ఆమెకి కంఠతా వచ్చు. తక్కువ డబ్బుతో వెళ్ళాలని వచ్చేవాళ్ళంటే ఆమెకి కాస్త ఎక్కువ అభిమానం. కార్డు మీద పాయింట్లు ఎలా కూడబెట్టాలో, వాటితో సీటు ఎప్పుడు దొరుకుతుందో, గది ఎక్కడ తీసుకుంటే పొద్దున టిఫిను కూడా కలిసొస్తుందో కూర్చోబెట్టి చెప్పేది. యజమానికి అది గిట్టేది కాదు, అందులో కమిషను రాదు కాబట్టి. “ఉచిత సలహాల కౌంటరు తెరిచావా తల్లీ?” అని లోపల్నుంచి అనేవాడు.

ఇంతమందిని సాగనంపిన మనిషి తను మాత్రం ఒక్కసారి కూడా విమానం ఎక్కలేదు. “మీరు వెళ్ళారా మేడమ్?” అని ఎవరైనా అడిగితే “ఆ, ఒకసారి” అనేసేది. ఎలా ఉంటుందని అడిగితే, వెళ్ళొచ్చిన ఒక రిటైర్డ్ టీచరు చెప్పిన మాట తన మాటగా అప్పజెప్పేది. “నడుంలోతు నీళ్ళలో నిలబడ్డా మన కాలిగోళ్ళు మనకి కనపడతాయండీ.” ఆ మాట విన్నాక చాలామంది అక్కడికక్కడే అడ్వాన్సు కట్టేసేవాళ్ళు.

ఆమె భర్త లిఫ్టు మెకానిక్కు. పని వచ్చిన మనిషి, అంతకన్నా మెత్తని మనిషి. ఎవరేమడిగినా కాదనలేడు. లిఫ్టు బాగుచేయడానికి పిలిచినవాళ్ళు పనిలో పనిగా కుళాయి కారుతోంది చూడమంటే, అదీ చూసి, బట్టలు తడుపుకుని ఇంటికొచ్చేవాడు. పెళ్ళైన కొత్తలో ఆమెకి ఆ గుణమే నచ్చింది. పిల్లలు కలగలేదు. అతనికి ఒక అన్న, ఊళ్ళోనే టైల్స్ షాపు నడుపుతాడు. తండ్రి పోయాక తమ్ముడికి ఈ పని నేర్పించి, కంపెనీలో పెట్టించింది ఆ అన్నే. అన్నంటే ఇతనికి గౌరవం అనాలో, భయం అనాలో ఆమెకి ఇన్నేళ్ళలో తేలలేదు.

ఒక చలికాలంలో ఆమెకి కడుపునొప్పి మొదలైంది. గ్యాస్ అనుకుని మాత్రలు మింగుతూ కొన్నాళ్ళు లాక్కొచ్చింది. చివరికి స్కాను తీయిస్తే లోపల గడ్డ ఉందన్నారు, అది మంచి గడ్డ కాదన్నారు. వెంటనే కోసి తీసేయాలి, ఆ తర్వాత ఆరేడు విడతలు మందు ఎక్కించాలి.

ఆసుపత్రిలో చేరే రోజు కౌంటరు దగ్గర భర్త సంచిలోంచి నోట్ల కట్టలు తీస్తున్నాడు. చక్రాల కుర్చీలో కూర్చున్న ఆమె అతని చొక్కా కొసపట్టి లాగింది.

“ఆ డబ్బు తీసుకెళ్ళి బ్యాంకులో వేయండి. ఇక్కడ కార్డు గీకండి.”

“ఇప్పుడు అదా ముఖ్యం?”

“ఇప్పుడే ముఖ్యం. ఇంత పెద్ద బిల్లు మన జన్మలో ఇంకోటి వస్తుందా?”

కౌంటరు అమ్మాయి తలెత్తి చూసింది, నవ్వాలో వద్దో తెలియక మళ్ళీ తల దించుకుంది. అతను కార్డు తీశాడు. అది విమానాల కార్డు, దాంతో ఖర్చు పెట్టినకొద్దీ ప్రయాణాలకి పనికొచ్చే పాయింట్లు పడతాయి. అతని జీతం ఖాతా మీద ఇస్తున్నారని తెలిసి ఆమే పట్టుబట్టి అతనిచేత తీయించింది. అతని పేరు మీదే. అప్పటిదాకా దాని మీద పెట్రోలు, కరెంటు బిల్లు తప్ప గీకింది లేదు.

ఆమె జీతం, అతను దాచుకున్న సొమ్ము, ఆఫీసు బీమా, ఇవన్నీ కలిపినా కొంత తక్కువపడింది. తమ్ముడు నోరు తెరిచి అడగకముందే అన్న ఆ తక్కువపడ్డది అతని ఖాతాలో వేశాడు. ఆపరేషను రోజు ఆ అన్న భార్య, అతని వదిన, పొద్దున్నుంచీ థియేటరు బయట బెంచీ మీద కూర్చుంది. ఆ రెండూ ఆమె ఎప్పుడూ మర్చిపోలేదు. మర్చిపోవడానికి వీల్లేకుండా కూడా పోయింది, అది తర్వాతి సంగతి.

మందు ఎక్కించే రోజుల్లో పొద్దున కుర్చీలో వాలితే సాయంత్రం దాకా అక్కడే. పక్కన ప్లాస్టిక్ స్టూలు మీద అతను. మొదటి రెండు విడతలూ ఇద్దరికీ మాట కలవలేదు. ఎక్కడ మొదలుపెట్టినా ఆ మాట భయం దగ్గరికి వచ్చి ఆగిపోయేది. మూడో విడతలో అతను ఫోను చూసుకుంటూ ఉన్నట్టుండి అన్నాడు.

“పాయింట్లు పడ్డాయి.”

“ఎన్ని?”

చెప్పాడు. ఆమె కళ్ళు మూసుకుని మనసులో లెక్క కట్టింది.

“ఒక మనిషి వెళ్ళడానికి సరిపోతాయి. రావడానికి చాలవు.”

“అయితే నిన్ను దీవిలో వదిలేసి రావాల్సిందే.”

“మీకంత అదృష్టం కూడానా?”

ఇద్దరూ నవ్వారు. ఆమెకి కుట్లు లాగి, కడుపు పట్టుకుని మరీ నవ్వింది. నర్సు వచ్చి ఏమైందోనని చూసి వెళ్ళింది.

ఆ రోజు నుంచీ వాళ్ళకి అదే కబురు. “ఈ స్కానుతో సగం సముద్రం దాటాం” అనేవాడు అతను. “ఇంకో నాలుగు సీసాలు ఎక్కిస్తే ఒడ్డున పడతాం” అనేది ఆమె. జుట్టు రాలిపోయినప్పుడు, దీవిలో ఉప్పుగాలికి తల చిక్కుపడే బాధ లేదన్నాడు. ఇంట్లో ఆమె వాంతి చేసుకుంటుంటే గిన్నె పట్టుకుని నిలబడి, దీనికి కూడా పాయింట్లు ఇస్తారేమో కార్డువాళ్ళని కనుక్కుంటానన్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో అతను అంతసేపు, అన్ని రోజులు ఆమె పక్కన కూర్చున్నది లేదు. ఎప్పుడూ ఎవరి లిఫ్టో మధ్యలో ఆగిపోయేది, ఎవరో పిలిచేవాళ్ళు, వెళ్ళిపోయేవాడు. ఈ నెలల్లో మాత్రం ఎవరు పిలిచినా “ఆసుపత్రిలో ఉన్నాను, కుదరదు” అన్నాడు. అతని నోట కుదరదన్న మాట ఆమె వినడం అదే మొదలు. ఆ స్టూలు, ఆ ఫోను, ఆ పసలేని జోకులు తన జీవితంలో మంచి రోజులని ఆమెకి తెలుసు. పైకి అంటే పిచ్చెక్కిందనుకుంటారని ఎవరితోనూ అనలేదు.

చివరి విడత అయ్యేసరికి ఇద్దరికీ రానూపోనూ టికెట్లు, నాలుగు రోజులకి గది కూడా వచ్చేటన్ని పాయింట్లు కూడాయి. విమానాశ్రయం పన్నులు, తిండి ఖర్చు మాత్రం చేతినుంచి పెట్టుకోవాలి. అది పెద్ద మొత్తం కాదు. జుట్టు మళ్ళీ మొలిచింది, ముందుకన్నా రింగులు తిరిగి. వేసవి చివర్లో ప్రయాణం చేయొచ్చని డాక్టరు చెప్పాడు.

ఆమె తిరిగి ఆఫీసుకి వెళ్ళడం మొదలుపెట్టాక, మధ్యాహ్నం జనం పలచబడ్డప్పుడు తమ ప్రయాణం చూసుకునేది. పాయింట్ల మీద ఇచ్చే సీట్లు విమానానికి కొన్నే ఉంటాయి. వానలు మొదలయ్యే ముందు రెండు వారాలు గిరాకీ పడిపోయి, తక్కువ పాయింట్లకే దొరుకుతాయి. ఎండ ఉంటుంది, జనం ఉండరు. పెద్ద హోటళ్ళ జోలికి పోకుండా, దీవికి వెనకవైపున ఒక చిన్న హోటలు ఎంచుకుంది. గది గుమ్మంలోంచి మెట్లు నేరుగా నీళ్ళలోకి దిగుతాయి. అక్కడినుంచి పొద్దున్నే ఒక పడవ బయటి పగడాల దిబ్బ దాకా తీసుకెళ్తుంది. ఆ పడవ గురించి ఆమె ఎంతమందికి చెప్పిందో లెక్కలేదు.

“ఈ సోమవారం సీట్లు తెరుస్తారు. పొద్దున్నే మీ కార్డుతో బుక్ చేసేస్తాను” అంది భర్తతో.

ముందురోజు ఆదివారం. అన్నా వదినా భోజనానికి వచ్చారు. ఆ ఏడాదితో వాళ్ళ పెళ్ళై పాతికేళ్ళు. తినడం అయ్యాక అన్న కాళ్ళు బారచాపుకుని సోఫాలో వాలాడు.

“ఏమ్మాయ్, ఊళ్ళోవాళ్ళందర్నీ విమానాలెక్కిస్తావు. నీ కంటికి మేం ఆనమా?”

ఆమె ఏదో అనబోయేలోగా భర్త నోరు జారాడు. “ఈసారి మేమే వెళ్తున్నాం అన్నయ్యా. టికెట్లకి పైసా ఖర్చు లేదు.” పాయింట్ల కథంతా చెప్పుకొచ్చాడు. చెబుతున్నంతసేపూ అతని మొహం వెలిగిపోయింది. అన్న శ్రద్ధగా విన్నాడు.

“అంటే ఆసుపత్రి బిల్లుకి బహుమతన్నమాట. వ్యాపారం బాగుందిరా. మరి అందులో నా వాటా ఎంత?”

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. వదిన మాత్రం నవ్వు ఆపి, “గదిలోంచే సముద్రంలోకి దిగొచ్చా?” అని అడిగింది. ఆమె ఉత్సాహంగా ఫోన్లో ఆ మెట్ల ఫోటో చూపించింది.

సోమవారం పొద్దున కార్డు అడిగితే, కంపెనీలో హడావిడిగా ఉంది, రేపు చూద్దామన్నాడు భర్త. మంగళవారం కూడా అదే మాట. బుధవారం పెందరాళే ఇంటికొచ్చి, చేతికంటిన గ్రీజు కడుక్కుంటూ చాలాసేపు సింకు దగ్గరే నిలబడ్డాడు. ఆమె పొయ్యి దగ్గర ఉంది.

“అన్నయ్య నిన్న షాపుకి రమ్మన్నాడు” అన్నాడు, చేతులవైపే చూస్తూ.

“దేనికి?”

“ఊరికే. వదిన మనసుపడిందట. పాతికేళ్ళలో ఎక్కడికీ తీసుకెళ్ళలేదని కళ్ళనీళ్ళు పెట్టుకుందట.”

ఆమె పొయ్యి మంట తగ్గించింది. “అయితే?”

“అయితే ఏముంది. ఆ పాయింట్లు మీరు వాడుకోండన్నాను.”

ఆమె గరిటె పక్కన పెట్టి అతని వైపు తిరిగింది.

“ఆయన అడిగారా, మీరే ఇచ్చారా?”

“అడిగినట్టే. అంటే నోరు తెరిచి అడగలేదనుకో. ఆయన అడిగేదాకా ఉంటే ఏం బాగుంటుంది? మనకోసం అంత సర్దాడు. ఇప్పటిదాకా ఒక్కసారి గుర్తుచేశాడా? ఉత్తినే వచ్చిన పాయింట్ల దగ్గర మొహం చాటేస్తే ఏమనుకుంటాడు?”

“ఉత్తినే వచ్చాయా?”

“అంటే, మనం డబ్బు పోసి కొన్నవి కాదు కదా.”

ఆమె చెయ్యి తెలియకుండానే పొత్తికడుపు మీదికి వెళ్ళింది. అక్కడ చీర కింద కుట్ల గీత ఇంకా గట్టిగా తగులుతుంది.

“నన్నొక మాట అడగాలనిపించలేదా?”

“అడిగితే నువ్వు వద్దంటావు.” అతను కుళాయి కట్టేశాడు. “మళ్ళీ కూడతాయిలే. సరుకులూ, బట్టలూ అన్నీ ఇకనుంచి దాని మీదే కొందాం. రెండు మూడేళ్ళలో…”

“అన్ని కూడాలంటే నేను మళ్ళీ మంచమెక్కాలి.”

“ఎందుకలా అశుభం మాట్లాడతావు?” అతనికి నిజంగానే బాధేసింది. తువ్వాలుతో చేతులు ఒకటికి రెండుసార్లు తుడుచుకున్నాడు. తర్వాత కాస్త గొంతు తగ్గించి అసలు మాట బయటపెట్టాడు. “బుకింగు నిన్నే చేయమన్నాడు అన్నయ్య. నీకైతే అన్నీ తెలుసని.”

ఆ పూట ఆమె భోజనం చేయలేదు. కడుపులో బాగాలేదంది. అతను కంగారుపడి డాక్టరుకి ఫోను చేయనా అన్నాడు. అక్కర్లేదంది.

శుక్రవారం వదిన ఆఫీసుకి వచ్చింది. కొత్త హ్యాండ్‌బ్యాగు, కళ్ళజోడు పైకి తోసుకుని మెట్లెక్కిన ఆయాసం. కుర్చీ ఈ పక్కకి లాక్కుని తెర కనపడేలా కూర్చుంది.

“నువ్వు చూపించావే, ఆ మెట్ల గది. అదే కావాలి నాకు.”

“అదే చూస్తున్నానక్కా.”

ఆమె వేళ్ళు కీబోర్డు మీద ఆడుతున్నాయి. వాళ్ళని ముప్పుతిప్పలు పెట్టడం ఆమెకి చిటికెలో పని. మధ్యలో దిగాల్సిన ఊళ్ళో పగలంతా బెంచీ మీద పడిగాపులు పడే విమానం ఉంది. అదే హోటల్లో జనరేటరు పక్కన ఒక గది ఉంది, అది ఎవరికీ ఇవ్వకూడదని ఆమెకి తెలుసు. ఒక్క క్షణం ఆ గది మీద గుర్తు పెట్టి అలాగే చూసింది. చెయ్యి ఒప్పుకోలేదు. మంచితనం వల్ల కాదు. ఇన్నేళ్ళుగా ఒక్క మనిషిని కూడా తప్పు గదిలో దింపని చెయ్యి అది, ఈవిడ కోసం దాన్ని పాడుచేసుకోవడం ఇష్టంలేకపోయింది.

మంచి విమానమే తీసింది. మంచి గదే తీసింది.

“బట్టలేం తీసుకెళ్ళాలి?” అని అడిగింది వదిన. ఆమె నూలువి తేలికవి రెండు జతలు ఎక్కువ పెట్టుకోమంది. నీళ్ళలో రాళ్ళు గుచ్చుకోకుండా రబ్బరు చెప్పులు ఇక్కడే కొనుక్కోమంది, అక్కడ నాలుగింతలు చెబుతారని. భోజనం హోటల్లో కాకుండా వెనక వీధిలో పడవవాళ్ళు తినే చోట తినమంది. తనకోసం ఇన్నాళ్ళుగా దాచుకున్న సంగతులన్నీ ఒకటొకటిగా వదిన కాగితం మీద రాసుకుంది. రాసుకోవడం అయ్యాక ఆమె చెయ్యి మీద చెయ్యి వేసింది.

“నీకు కాస్త ఓపిక వచ్చాక మీరూ వెళ్దురుగాని. ఇప్పుడే ఆ ఎండా, ఆ ఉప్పునీళ్ళూ నీకు పడవు.”

“డాక్టరు పడతాయన్నాడక్కా.”

వదిన చెయ్యి తీసేసింది.

“నువ్వు మనసులో పెట్టుకున్నావని తెలుసు నాకు. నేనూ మనిషినే. మా వంటగది పగలగొట్టి సగం కట్టి ఉండగా, ఆ డబ్బు తీసి మీ ఖాతాలో వేశాడు మీ బావగారు. ఇప్పటికీ నేను సగం గోడల మధ్యే వండుతున్నాను. ఒక్కసారైనా అన్నానా?”

అనలేదు. అది నిజమే. తనకి ప్రాణం పోసిన డబ్బులో ఆ వంటగది కూడా ఉంది. దాన్ని కాదనలేదు. కాదనలేకపోవడం వల్లే కోపం ఎటు పోవాలో తెలియక లోపలే తిరిగింది.

“సంతకం ఇక్కడ పెట్టాలక్కా” అంది.

వాళ్ళు వెళ్ళే రోజు భర్త సెలవు పెట్టి, కంపెనీ వ్యాను అడిగి తీసుకుని విమానాశ్రయంలో దింపి వచ్చాడు. అన్నయ్య సూట్‌కేసు ఎంత బరువుందో, వదిన ఎలా భయపడిందో వచ్చి చెప్పాడు. మర్నాటి నుంచీ కుటుంబం గ్రూపులో ఫోటోలు రావడం మొదలైంది. విమానం కిటికీ. మెట్లు. వదిన రబ్బరు చెప్పులతో నీళ్ళలో. బావగారు పడక్కుర్చీలో, పొట్ట మీద టోపీ. ఒక ఫోటో కింద వదిన “అంతా మా చెల్లెలి దయ” అని రాసింది.

భర్త ఆ ఫోను పట్టుకుని ఆమె దగ్గరికి వచ్చాడు. వేళ్ళతో ఫోటో పెద్దది చేసి చూపించాడు. “చూడు, నిజంగానే గోళ్ళు కనపడుతున్నాయి.”

ఆమె చూసింది. కనపడుతున్నాయి. అతని మొహంలోకి కూడా చూసింది, అందులో ఏమైనా దాపరికం ఉందేమోనని. ఏం లేదు. నిజంగానే సంతోషంగా ఉన్నాడు. అన్నకి చేయగలిగినందుకు, అందరూ మెచ్చుకుంటున్నందుకు. తను పోగొట్టుకున్నది అతనికి ఇసుమంతైనా కనపడలేదని అప్పుడు ఆమెకి పూర్తిగా అర్థమైంది. స్టూలు మీద కూర్చుని అన్ని నెలలు లెక్కబెట్టినప్పుడు, సముద్రం కోసం ఇద్దరూ ఎదురుచూస్తున్నారనుకుంది. అతను ఆమె దిగులు పడకుండా ఉండాలని లెక్కబెట్టాడు. దిగులు తీరిపోయింది, ఇక వాటితో అతనికి పనిలేదు.

వాళ్ళు తిరిగొచ్చిన ఆదివారం సామానంతా విప్పకముందే వచ్చారు. గవ్వలు అంటించిన పెట్టె ఒకటి ఆమె చేతిలో పెట్టింది వదిన. మొహాలు రెండూ ఎండకి కమిలిపోయాయి.

“ఎలా ఉంది బావగారూ?” అని ఆమే అడిగింది.

“ఏముంటుందమ్మాయ్, నీళ్ళు. ఎటు చూసినా నీళ్ళే. రెండో రోజుకే విసుగొచ్చింది. మూడో రోజు గదిలో ఏసీ వేసుకుని టీవీ చూస్తూ పడుకున్నాం.”

“బయటి దిబ్బకి పడవలో వెళ్ళారా?”

“ఎక్కడ? మీ అక్కకి కళ్ళు తిరుగుతాయని మానేశాం. పైగా దానికి పొద్దున్నే లేవాలట.” అతను టీ గుటక వేసి, తమ్ముడి వైపు తిరిగి నవ్వాడు. “మీరు వెళ్ళకపోవడమే మంచిదయిందిరా. అనవసరంగా అలసిపోయేవాళ్ళు.”

“అదేలే అన్నయ్యా” అన్నాడు భర్త.

ఆమె గవ్వల పెట్టె బల్ల మీద పెట్టింది. గొంతు పెంచలేదు. ఆఫీసులో టికెట్టు వివరాలు చదివి వినిపించినట్టే చెప్పింది.

“బావగారూ, మీరు వెళ్ళేటప్పుడు కూర్చున్న సీటు నా గర్భసంచీది. అది తీసేసిన రోజు గీకిన బిల్లుతో వచ్చింది. అక్క సీటు నేను తిన్నది కడుపులో ఇమడని నెలలది. తిరిగొచ్చిన సీట్లు నా జుట్టు ఊడిన రోజులవి. మీరు టీవీ చూసిన గదికి చివరి రెండు స్కాన్లు పట్టాయి. చెబితే తప్ప మీకు తెలియదు కదా అని చెబుతున్నాను.”

బావగారు టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

“ఏం మాటలవి?” అన్నాడు. ఆమెతో కాదు, తమ్ముడితో. “ఏరా, ఇంటికి పిలిచి ఇదా పెట్టేది? ప్రాణం మీదికి వస్తే ఇల్లు సగంలో ఆపి ఇచ్చాను. ఇవాళ నాలుగు రోజుల ఊరు చూసినందుకు లెక్కలు చెబుతోంది.”

“మీరిచ్చింది నేను మర్చిపోలేదు బావగారూ. మర్చిపోలేకే ఇన్నాళ్ళూ మాట్లాడలేదు.”

“చాల్లే” అంది వదిన, లేచి నిలబడుతూ. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. “అంత కడుపుమంట ఉన్నదానివి ఆ రోజు మెట్ల ఫోటో ఎందుకు చూపించావు నాకు?”

వాళ్ళు వెళ్ళిపోయారు. భర్త వెనకాలే మెట్లు దిగి, వీధి చివర కారు దాకా బతిమాలుకుంటూ వెళ్ళడం ఆమె కిటికీలోంచి చూసింది.

తిరిగొచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

“అన్నయ్య ముందు నా తల తీసేశావు.”

“మీ మాట ఒక్కటి కూడా ఎత్తలేదు నేను.”

“ఎత్తకపోతే ఏం? నిన్ను బతికించుకున్నందుకు నాకిదా?”

అనేశాక అతనికే ఆ మాట ఎక్కువైందనిపించినట్టుంది. ఏదో సర్దబోయి, మధ్యలోనే ఆపి లోపలికి వెళ్ళిపోయాడు. ఆమె టీ గ్లాసులు తీసి కడిగింది. వదిన గ్లాసులో సగం టీ అలాగే మిగిలి ఉంది.

అన్న ఆ తర్వాత వాళ్ళింటి గడప తొక్కలేదు. తమ్ముడు మాత్రం ఆదివారాలు అక్కడికి వెళ్ళి వచ్చేవాడు. వెళ్తున్నానని చెప్పేవాడు కాదు, చొక్కాకి అంటిన టైల్స్ పొడి చెప్పేది. సగంలో ఆగిన వంటగది పూర్తిచేయడానికి చేయి సాయం చేస్తున్నాడని ఎవరో చెబితే తెలిసింది.

వానాకాలంలో మళ్ళీ స్కాను తీయించుకోవాల్సి వచ్చింది. అంతకుముందు జరిగిన పరీక్షలన్నిటికీ అతనే వెంట వచ్చాడు. ఈసారి పొద్దున్నే ఒక షాపింగ్ కాంప్లెక్సులో లిఫ్టు ఆగిపోయిందని ఫోనొచ్చింది. “వెళ్ళక తప్పదు. నువ్వు వెళ్ళగలవుగా?” అన్నాడు. వెళ్ళగలనంది. బస్సులో వెళ్ళింది. మెషీను లోపల పడుకున్నప్పుడు ఊపిరి బిగబట్టమన్నారు, బిగబట్టింది. వదలమన్నారు, వదిలింది. బయట తన పేరు పిలిచేదాకా, ఒకప్పుడు తనలాగే తలకి గుడ్డ కట్టుకున్న ఒకావిడ పక్కన కూర్చుంది. ఆవిడ భర్త ఆవిడ చెవిలో ఏదో చెబుతుంటే ఆవిడ ఉండుండి నవ్వుతోంది. ఆమె లేచి వెళ్ళి ఇంకో వరసలో కూర్చుంది.

లోపల ఏమీ లేదన్నాడు డాక్టరు. ఇక ఆరు నెలలకోసారి వస్తే చాలన్నాడు.

సాయంత్రం భర్త వచ్చి చెప్పులు విప్పుతూ అడిగాడు. “ఏమన్నారు?”

“బాగానే ఉందన్నారు.”

“హమ్మయ్య” అన్నాడు. నిజంగానే ఊపిరి తీసుకున్నాడు. ఇంకేదో అడుగుతాడేమోనని ఆమె కాసేపు అక్కడే నిలబడింది. అతను స్నానానికి వెళ్ళిపోయాడు.

ఏడాది చివర్లో కంపెనీవాళ్ళు అతనికి జీతం పెంచారు, మేస్త్రీని చేశారు. ఒక సెలవు రోజు పొద్దున టీ తనే పెట్టి తెచ్చి ఆమె ముందు కూర్చున్నాడు. చాలారోజుల నుంచి మనసులో తిప్పుతున్నట్టున్నాడు.

“నేను ఆలోచించాను. పాయింట్లూ గీయింట్లూ వద్దు. డబ్బు పెట్టే వెళ్దాం, ఆ దీవికే. ఎంతవుతుందో నువ్వు చూడు.”

అతని గొంతులో బతిమాలుతున్న జీర వినపడింది. ఇదే మాట ఆరేడు నెలల కిందట అని ఉంటే ఆమె అతని చేతులు పట్టుకునేది.

“చూస్తాను” అంది.

చూడ్డానికి ఆమెకి ఎంతసేపు పడుతుంది కనుక. రోజంతా ఆ తెర ముందే కూర్చుంటుంది. ఆ వారంలోనే అదే దీవికి ఒక కొత్త జంటనీ, ముగ్గురు బ్యాంకు ఉద్యోగులనీ పంపించింది. వానల ముందు ఎప్పుడు చవకో వాళ్ళకి చెప్పింది. తెర మీద తమ పేర్లు మాత్రం కొట్టలేదు. ఒకసారి కొట్టబోయి ఆగింది. అన్ని గంటలు పక్కపక్క సీట్లలో కూర్చుని, ఆ తర్వాత నాలుగు రోజులు ఒకే గదిలో, ఆ మనిషితో ఏం మాట్లాడాలో ఆమెకి తోచలేదు.

“చూశావా?” అని అడిగాడు వారం పోయాక.

“పని ఎక్కువగా ఉంది. చూస్తాను.”

ఇంకో రెండు మూడుసార్లు అడిగాడు. ఆమె అదే జవాబు చెప్పింది, విసుక్కోకుండా, మామూలు గొంతుతోనే. తర్వాత అతను అడగడం మానేశాడు.